కరెంటు వచ్చాక దీవెన

బ్రాంక్స్, న్యూయార్క్
నవంబరు 4, 2003

దీవెన అడుగుతున్నాను, ఎర్సీలియా అక్కా!

పద్నాలుగో అంతస్తులో ఎవరో పెద్దాఫీసరు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బల్ల తుడిచేశాను, చెత్తబుట్ట ఖాళీ చేశాను, ఇంకో పావుగంట నాది. ఆయన పెన్ను మంచిది. అందుకే నా రాత ఇవాళ కాస్త మనిషి రాతలా ఉంది. నవ్వకు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఎప్పుడు చెప్పను? పొద్దున్న నాకు తీరిక దొరికే వేళకి మన ఊళ్లో, సాల్సెదోలో కరెంటు ఉండదు. నేను ముచ్చటపడి పంపిన ఆ తీగలేని ఫోను కరెంటు లేకపోతే ఉత్త ప్లాస్టిక్ ముక్క. నీకు కరెంటు వచ్చే వేళకి నేను ఇక్కడ నేల తుడుస్తూ ఉంటాను. ఆదివారం దొరికినా పక్కనే మా అమ్మాయి యానెలిస్ ఉంటుంది. ఒక్క గది ఇంట్లో గుసగుసలు కూడా దాగవు. చెప్పాల్సింది దాని గురించే.

శుక్రవారం బడి నుంచి పిలిచారు. నీ ముద్దుల యానెలిస్ లెక్కల క్లాసులో నోటు పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయిందట. లేపితే బుగ్గ మీద లెక్క అచ్చుపడి ఉందట. క్లాసంతా ఒకటే నవ్వు. ఈ నెలలో ఇది మూడోసారి. నేను వెళ్లేసరికి తల వంచుకుని నిలబడి ఉంది. పన్నెండేళ్ల పిల్ల కళ్ల కింద అంత నలుపు ఉంటుందా అక్కా? పగటి వెలుగులో దాన్ని తేరిపార చూసి ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది.

దీన్నొక్కదాన్నే అనలేదులే. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా సగం మంది తూలుతూనే వస్తున్నారట. అందుకని నర్సమ్మ కిన్యోనెస్ (ప్యూర్టోరికో మనిషి, మన మాటే మాట్లాడుతుంది) నిద్ర కోసం ఒక కార్యక్రమం పెట్టింది. పిల్లలందరికీ తలో నిద్ర పుస్తకం ఇచ్చింది. ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో వాళ్లు రాయాలి, కింద అమ్మ సంతకం చెయ్యాలి. నేను ఏడు రోజుల సంతకాలూ ఆదివారం ఒకేసారి పెట్టేస్తున్నాను. అది పడుకునేటప్పుడు నేను ఇంట్లో ఉంటే కదా.

రెండేళ్ల కిందట నేను ఇక్కడికి తెచ్చుకునేదాకా నీ దగ్గర పదేళ్లు పెరిగింది. అక్కడ ఎలా పడుకునేది? రాత్రిళ్లు లేచేదా? సాయంత్రం కాఫీ పోశావా? నిజం చెప్పు.

నీ చెల్లెలు
నెరెయిదా


సాల్సెదో
నవంబరు 17, 2003

దేవుడు నిన్ను దీవించు గాక, నెరెయిదా. ఆ పిల్లనూ దీవించు గాక.

కాఫీ సంగతి ఎత్తావు. పోశాను. గ్లాసెడు పాలలో రెండు చెంచాల కాఫీ. అమ్మ నీకూ పోసింది, అమ్మ పోయాక నేనూ పోశాను. నువ్వేమైనా క్లాసులో పడుకున్నావా? కళ్లు తెరుచుకునే పడుకునేదానివి, అది వేరే సంగతి.

నా దగ్గర ఆ పిల్ల రాయిలా పడుకునేది. ఎనిమిదిన్నరకి వచ్చి "దీవెన, పెద్దమ్మా" అనేది, నేను దీవించేదాన్ని, దుప్పటి కప్పేలోపే నిద్ర. అడక్కుండా మాత్రం ఒక్కనాడు పడుకోలేదు. దీవెన లేకుండా కళ్లు మూసినవాళ్లకి తెల్లారుతుందో లేదో ఎవరికి తెలుసు అని నేనే చిన్నప్పుడు భయపెట్టాను. పిల్లలకి ఆ మాత్రం భయం ఉండాలి.

మీ ఊళ్లోనే ఏదో ఉంది. గది వెచ్చబెట్టే ఆ వేడి గొట్టం రాత్రంతా ఎవరో సుత్తితో కొట్టినట్టు మోగుతుందని నువ్వే అన్నావు. పై వాటావాడు తెల్లవార్లూ పాటలు పెడతాడన్నావు. మంచానికి ఎదురుగా టీవీ. ఇన్ని పెట్టుకుని కాఫీ మీద పడతావేం?

ఇక్కడ కరెంటు తీరు చెప్పుకుంటే సిగ్గు. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో పైవాడికే ఎరుక. క్రిస్మస్ గౌన్లు పద్దెనిమిది ఒప్పుకున్నాను. కరెంటు వచ్చాకే మిషను తిరుగుతుంది కాబట్టి అది వచ్చినప్పుడు ఊరంతా పడుకున్నా నేను లేవాలి. మేయర్ గారి మేనకోడలికి నడుము దగ్గర మూడుసార్లు విప్పి కుట్టాను. పిల్ల లావెక్కిందని చెప్పే ధైర్యం వాళ్లింట్లో ఎవరికీ లేదు, గౌను ఇరుకైందని నన్ను అంటారు.

రాత్రిళ్లు అది ఏం చేస్తుందో సముద్రం ఇవతల ఉన్నదాన్ని నాకేం తెలుస్తుంది? నారింజ ఆకులు ఎండబెట్టి పంపుతున్నాను, మరిగించి పంచదార వేసి ఇవ్వు. ఊరికే గుచ్చి గుచ్చి అడక్కు దాన్ని. మంచి పిల్ల.

ఎర్సీలియా


బ్రాంక్స్
డిసెంబరు 2, 2003

దీవెన, అక్కా.

నారింజ ఆకులు అందాయి. ఇల్లంతా నీ పెరడు వాసన. యానెలిస్ ఆ పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కదల్లేదు.

మొన్న శనివారం నర్సమ్మ తల్లులందరినీ కూర్చోబెట్టింది. పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని ఇరవైమందిమి. "నిన్న రాత్రి ఏడు గంటలు పడుకున్నవాళ్లు చెయ్యెత్తండి" అంది. ఒక్క చెయ్యి లేవలేదు. నా పక్కన హోండురాస్ ఆవిడ అప్పటికే గురక పెడుతోంది. అందరం నవ్వాం, నర్సమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఈ వయసు పిల్లలకి తొమ్మిది గంటలైనా నిద్ర కావాలంది. రోజూ ఒకే వేళకి పడుకోవాలి, సెలవు రోజైనా సరే. సాయంత్రం కాఫీలూ, సోడాలూ వద్దు. మంచం దగ్గర టీవీ వద్దు. బడి నుంచి రాగానే మూడు గంటలు కునుకు తీసి రాత్రంతా మేలుకోవడం అసలే వద్దు. మా అమ్మాయి సరిగ్గా అదే చేస్తోందని ఎదురింటి దోన్యా ఫెఫా చెప్పాక తెలిసింది.

అన్నీ చేశాను. టీవీ వంటింటి వైపు తిప్పాను. మంచానికి తెర కట్టాను. కాఫీ డబ్బా నాతో పనికి తెచ్చుకుంటున్నాను. నిద్ర పుస్తకంలో రోజూ "తొమ్మిది గంటలు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తోంది. కానీ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో చిన్న బల్బు బొమ్మ, దాని పక్కన 11:35, 11:50, ఒకరోజు 12:10. ఇదేమిటని నర్సమ్మ అడిగింది, నేనూ అడిగాను. పుస్తకం మూసేసి సంచిలో పెట్టుకుంది. దీపం అప్పుడు ఆర్పుతోంది కాబోలు అనుకున్నాను.

తర్వాత దోన్యా ఫెఫా అసలు సంగతి చెప్పింది. నేను లేనప్పుడు పిల్లకి తోడుగా రెండు తలుపులూ తీసే ఉంచుతుంది కదా, రాత్రి బాత్రూముకి లేస్తే మా ఇంట్లో నవ్వులట. "నా ప్రాణమా, నువ్వు ముందు ఫోను పెట్టు, కాదు నువ్వే పెట్టు" అని ముద్దుమాటలట. ఆ రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. అరగంట సేపు లైను దొరకలేదు.

పన్నెండేళ్లు అక్కా. ఎవడో మగపిల్లాడు. ఇంటికొచ్చి "ఎవడే వాడు?" అన్నాను. పెదవి కొరుక్కుంది. చెంప ఛెళ్లుమనిపించాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇప్పుడు ఫోను ఊడబీకి సంచిలో వేసుకుని పనికి తెచ్చుకుంటున్నాను. రైల్లో ఒకాయన నా సంచి వంక చూసి నవ్వాడు. నవ్వనీ.

అంత గట్టిగా కొట్టి ఉండాల్సింది కాదు. నా చెయ్యి ఇప్పటికీ మండుతున్నట్టే ఉంది. నువ్వైతే ఏం చేసేదానివి?

నెరెయిదా


సాల్సెదో
డిసెంబరు 12, 2003

దేవుడు నిన్ను దీవించు గాక, చెల్లీ.

నీ ఉత్తరం చదివి గౌను పక్కన పడేశాను. ఏ చెంప మీద కొట్టావు? కుడిదా, ఎడమదా? ఎందుకు అడుగుతున్నానో నాకే తెలియదు.

మగపిల్లాడే అయి ఉండొచ్చు. ఆ వయసు అలాంటిది. నువ్వు పదమూడో ఏట బేకరీ వాళ్ల చిన్నవాణ్ణి చూడ్డానికి రోజుకి నాలుగుసార్లు రొట్టె కొనుక్కొచ్చావు, ఆ రొట్టెలన్నీ కోళ్లు తిని బలిశాయి. నేను నిన్ను కొట్టానా? రెండు రోజుల్లో అదే పోతుంది. గుచ్చి అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు.

ఫోను మాత్రం ఇంట్లో పెట్టు. పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే? పొయ్యి అంటుకుంటే? ఎవరినైనా పిలవడానికైనా ఉండొద్దా? ఇంత మాత్రం తోచలేదా నీకు?

ఇక్కడ పచ్చి కందులు వచ్చాయి. పండక్కి ఒక్కదానికి కందుల అన్నం వండుకోవడం ఎందుకని ఊరుకున్నాను. రాత్రంతా మిషను ముందు కూర్చుంటున్నాను. ఈ మధ్య సూదికి దారం ఎక్కడం లేదు.

ఎర్సీలియా


బ్రాంక్స్
జనవరి 4, 2004

అక్కా,

ఈసారి దీవెన అడగడానికి మొహం చెల్లడం లేదు. ఎందుకో చెబుతాను.

ఫోను తీసేస్తే పడుకుంటుందనుకున్నాను. పనయ్యి ఒంటిగంటకి వచ్చి తలుపు తీస్తే చలికి కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. "దీవెన, అమ్మా" అంది. ఇచ్చాను. వెళ్లి పడుకుంది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. "తొమ్మిదింటికే పడుకో, నేనొచ్చి దీవిస్తాను" అంటే "నిద్రపోయినవాళ్లు ఎలా అడుగుతారు?" అని ఎదురు ప్రశ్న. ఫోను కోసం నాటకాలాడుతోందని నాకు పట్టరాని కోపం వచ్చింది.

క్రిస్మస్‌కి ముందు రోజు పనిలో మా మేనేజరు నన్ను అందరి ముందూ తిట్టాడు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆ ఒళ్లుమంటతో ఇంటికొస్తే మళ్లీ ఆ కోటు, ఆ కుర్చీ, "దీవెన, అమ్మా." "ఇవాళ లేదు, పో" అన్నాను.

అన్నాను అక్కా. మనింట్లో ఎంత గొడవపడ్డా ఎవరైనా ఎవరికైనా లేదన్నారా? నాన్న తాగొచ్చి గిన్నెలు విసిరిన రోజు కూడా మనం అడిగితే ఇచ్చాడు. నేను లేదన్నాను. పొద్దున్న లేచి చూస్తే అది కోటుతోనే మంచం మీద కూర్చుని ఉంది. కన్ను మూయలేదు. దగ్గరికెళ్లి వందసార్లు దీవించాను, ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. ఏం లాభం? ఆ రాత్రి అయిపోయింది.

బడివాళ్లు మార్కులు చూసి ఇలాగే ఉంటే ఏడో తరగతి మళ్లీ చదవాల్సిందే అన్నారు. నర్సమ్మ నాకోసం మాట్లాడింది, ఇంకొన్నాళ్లు చూద్దామంది. నాకే ఓపిక పోయింది. నేను కన్నాను గానీ పెంచింది నువ్వు. నీ దగ్గర రాయిలా పడుకునేదన్నావు. దాన్ని నీ దగ్గరికే పంపేస్తున్నాను. ఈ నెల 27న దోన్యా ఫెఫా మీ దగ్గరి సాంతియాగోకి వస్తోంది, వెంట తీసుకొస్తుంది.

యానెలిస్‌తో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఒక్కటే అడిగింది: "పెద్దమ్మ రమ్మందా?"

నాకు చేతకాలేదు. నువ్వే చూసుకో.

నెరెయిదా


సాల్సెదో
జనవరి 14, 2004

చెల్లీ,

పంపెయ్! ఒక్క క్షణం ఆలోచించకు. నీ తప్పేం లేదు, ఆ ఊరు పిల్లల ఊరు కాదు.

దాని మంచం పెరట్లో వేసి కడిగాను. పరుపు ఎండలో పడేశాను. దోమతెర కొత్తది కుట్టాను, అంచుకి నీలం రిబ్బను. కాన్వెంటు సిస్టరుతో మాట్లాడాను, సీటు ఉందంది. ఒంటి కొలతలు పంపు, యూనిఫాం కుట్టేస్తాను. ఎంత పొడుగైందో ఏమో! నేను ఈ రెండేళ్లలో ఇంత సంతోషంగా లేను.

ఉత్తరాల సంచి ఇప్పుడే వెళ్తోందట, అందుకే ఇంతే.

ఎర్సీలియా


సాల్సెదో
జనవరి 16, 2004

నెరెయిదా,

మందుల షాపు రామోనా రేపు పొద్దున్న విమానం ఎక్కుతోంది. ఇది నీ చేతికే ఇమ్మని ఒట్టు వేయించుకున్నాను. మొన్న నేను రాసిన ఉత్తరం దీని తర్వాత వస్తుంది. చదవకుండా చించెయ్యి.

ఏ మగపిల్లాడూ లేడు. ఆ "ప్రాణమా" నేనే.

మీరిద్దరూ విమానం ఎక్కిన రోజు గుర్తుందా? నువ్వు సామాను తూయించడానికి వెళ్లావు. అది నా గౌను పట్టుకుని "అమ్మ రాత్రిళ్లు పనికెళ్తుందట, మరి నేను దీవెన ఎవర్ని అడగాలి?" అంది. "నన్నే అడుగు, రోజూ నేనే ఫోన్ చేస్తాను" అన్నాను. "అమ్మకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది" అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఎందుకన్నానో అప్పుడే నన్ను నేను అడగాల్సింది.

మొదట్లో ఎనిమిదిన్నరకే చేసేదాన్ని. అప్పుడు ఆ వేళకి కరెంటు ఉండేది. దీవెన అడిగేది, ఇచ్చేదాన్ని, రెండు నిమిషాల్లో పడుకునేది. పోయిన వేసవి నుంచి కరెంటు వేళ మారింది. పదింటికి వచ్చింది, తర్వాత పదకొండు దాటాక, ఒక్కోరోజు మీ గడియారంలో పన్నెండు కూడా దాటాక. "నువ్వు పడుకో తల్లీ, నా దీవెన ఎప్పుడూ ఉంటుంది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "కరెంటు రాగానే చేస్తాను, మేలుకుని ఉండు."

ఆ పుస్తకంలో బల్బు బొమ్మ మీ ఇంటి దీపం కాదు. సాల్సెదోలో కరెంటు వచ్చిన వేళ. నీ ఉత్తరంలో 12:10 అని చదవగానే నాకు తెలిసిపోయింది. ఆ రాత్రి మేయర్ మేనకోడలి గౌను గురించి చెప్పి పిల్లని ముప్పావుగంట నవ్వించాను. అసలు అంతకుముందే, దాన్ని మేలుకోబెడుతున్నది నేనేనని తెలిసి కూడా నీకు కాఫీ గురించీ, వేడి గొట్టం గురించీ కబుర్లు రాశాను.

ఊరంతా పడుకున్నాక మిషను చప్పుడు ఒక్కటే ఉంటుంది. అరవయ్యో ఏడు వస్తోంది. ఎవరైనా "పెద్దమ్మా" అంటే ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుంది. దాని దీవెన కోసం మొదలుపెట్టాను. తర్వాత నాకోసం ఆపలేకపోయాను.

అదీ క్షమించొచ్చేమో. కానీ నువ్వు కొట్టానని రాస్తే, నా గుట్టు కోసం ఆ పిల్ల చెంపదెబ్బ తిందని తెలిసి కూడా "మగపిల్లాడే అయి ఉండొచ్చు" అని నా చేత్తో రాశాను. ఆ వాక్యం రాసిన చేతిని ఏం చెయ్యాలో తెలియడం లేదు. పంపేస్తానని నువ్వు రాస్తే సంతోషంతో పరుపు ఎండేశాను. ఇంకో పది రోజులు నోరు మూసుకుంటే పిల్ల నాదవుతుంది అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

నిన్న ఆ మంచం మీద కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదివాను. "పెద్దమ్మ రమ్మందా?" అని నిన్ను అడిగిందన్నావు. ఆ ప్రశ్న నిన్ను కాదు, నన్ను అడిగింది. నిజం తెలిసినది నేనొక్కదాన్నే కదా. అన్నీ తెలిసిన పెద్దమ్మ కూడా నిజం దాచి, తనను దోషిలా రప్పించుకుంటోందా అని అడిగింది.

దాన్ని పంపకు. నీ దగ్గరే ఉంచుకో. నన్ను ఏమన్నా అను.

చివర దీవెన రాయడం లేదు. దీవించే నోరు కాదిది.

ఎర్సీలియా


బ్రాంక్స్
జనవరి 25, 2004

ఎర్సీలియా అక్కకి,

రామోనా ఇచ్చింది. మెట్ల మీద నిలబడే చదివాను. ఆ రోజు పనికి వెళ్లలేదు.

ఫోన్ చేసి అరుద్దామనుకున్నాను. మీ ఊళ్లో కరెంటు లేదు. నీ అదృష్టం.

నేను నా బిడ్డను కొట్టాను. దీవెన లేదన్నాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు చెప్పిన ప్రతి మాటా నమ్మాను అక్కా, ఒక్కటి కూడా తిరిగి చూసుకోకుండా నమ్మాను.

యానెలిస్ బడి నుంచి రాగానే ఉత్తరం ముందు పెట్టాను. చదివి అప్పుడు ఏడ్చింది. దెబ్బ తిన్న రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "నాకెందుకు చెప్పలేదే?" అంటే అది అన్న మాట విను: "చెబితే నువ్వు ఫోను మాన్పిస్తావు. నేను పడుకుంటే పెద్దమ్మ ఒక్కతే అయిపోతుంది. నేను మాట్లాడితేనే తను మిషను ఆపి పడుకుంటుంది."

నువ్వు దాన్ని పడుకోబెడుతున్నానని అనుకున్నావు. అది నిన్ను పడుకోబెట్టడానికి మేలుకుంది. ఇది రాయకుండా ఉందామనుకున్నాను, నీకు నొప్పి కలగాలని రాస్తున్నాను.

మర్నాడు ఇద్దరం నర్సమ్మ దగ్గరికి వెళ్లాం. నిద్రను ఆపేది ఏదైనా ఉంటే పక్కన ఖాళీలో రాయమని ఆవిడే పిల్లలకి చెప్పిందట. మన పిల్ల చెప్పకుండానే చెప్పింది, మేమే చదువుకోలేకపోయాం. నర్సమ్మ ఎవర్నీ తిట్టలేదు. "మా అమ్మమ్మ మా ఊరు పోన్సేలో ఉంటుంది, నేను ఈ రోజుకీ దీవెన అడిగే పడుకుంటాను" అంది. "మానెయ్యమని ఎందుకు చెబుతాను? వేళ మార్చండి, అంతే" అంది.

కాబట్టి విను. యానెలిస్ రావడం లేదు. దోన్యా ఫెఫా వస్తోంది, ఒక పెట్టె తెస్తుంది. అందులో పాత రకం ఫోను ఉంది, గోడకు తగిలించేది, తీగది. దానికి కరెంటు అక్కర్లేదు. మొదటే అది పంపాల్సింది. నా గొప్ప చూపించుకోవడానికి ఆ తీగలేనిది పంపాను. ఆ తప్పు నాది, నీ మీద వెయ్యను.

మా గడియారం ఎనిమిదిన్నరకి. ఐదు నిమిషాలు. దీవించు, పెట్టెయ్యి.

నిన్ను క్షమించానని అనుకోకు.

నెరెయిదా


సాల్సెదో
ఫిబ్రవరి 9, 2004

నెరెయిదా,

ఫోను గోడకు తగిలించారు. మీ ఎనిమిదిన్నరకి ఇక్కడ ఊరంతా చీకటి. అంకెలు కనిపించవు, వేలితో తడుముకుంటూ నొక్కుతున్నాను. మొదటిరోజు రెండుసార్లు ఏదో చైనా హోటలుకి వెళ్లింది.

దీవెన అడిగింది. ఇచ్చాను. తర్వాత పెట్టాలనిపించక అలాగే పట్టుకున్నాను. అది "పెద్దమ్మా, ఐదు నిమిషాలైంది. పెట్టెయ్, మళ్లీ రేపు" అంది. నర్సులా మాట్లాడుతోంది. పెట్టేశాను. "నువ్వు కూడా పడుకో, మిషను జోలికి వెళ్లకు" అని కూడా ఆజ్ఞ. గౌన్ల పని తగ్గించుకుంటానని మాటిచ్చాను. ఇప్పటికి రెండు రోజులు నిలబెట్టుకున్నాను, మూడోరోజు తప్పాను, నాలుగోరోజు మళ్లీ నిలబెట్టుకున్నాను.

దోమతెర రిబ్బను విప్పేశాను. వేసవి సెలవులకి పంపితే మళ్లీ కుడతాను. పంపకపోయినా అడగను.

ఉత్తరం చివర నీకు దీవెన రాయాలని చెయ్యి లాగుతోంది. అడగనిదే ఇవ్వకూడదు కదా, అందుకే ఆపుకుంటున్నాను.

ఎర్సీలియా


బ్రాంక్స్
మార్చి 8, 2004

అక్కా,

మళ్లీ పద్నాలుగో అంతస్తు, అదే పెద్దాయన బల్ల. ఈసారి పెన్ను దాచిపెట్టుకున్నాడు. పెన్సిల్‌తో రాస్తున్నాను, చెరిగిపోకముందే చదువు.

నిద్ర పుస్తకంలో బల్బులు లేవు. తొమ్మిదికి పడుకున్నానని రాస్తోంది, తొమ్మిదికే పడుకుంటోంది. దోన్యా ఫెఫా తొంగి చూసి సాక్ష్యం చెబుతోంది. నేను సంతకాలు రోజుకొక్కటే పెడుతున్నాను. బడి వదిలాక నేను దిగుతుంటే అది మెట్లెక్కుతూ ఎదురవుతుంది కదా, అక్కడే ఆగి "రాత్రికి దీవెన, అమ్మా" అంటుంది. మెట్ల మీదే ఇస్తున్నాను. మొదటి వారం జనం చూస్తున్నారని సిగ్గుపడింది, ఇప్పుడు లేదు. ఏడో తరగతి గట్టెక్కుతుందో లేదో జూన్‌లో గానీ తెలియదు. లెక్కల టీచరు మాత్రం దాని కళ్ల రంగు ఇప్పుడే చూశానన్నాడట.

ఆ చెంపదెబ్బ మాత్రం పోలేదు. నేను తల దువ్వడానికి చెయ్యి ఎత్తితే ఒక్కోసారి కళ్లు గట్టిగా మూసుకుంటుంది. క్షణమే. నేను దువ్వెన పట్టుకుని ఆగిపోతాను. "దువ్వు అమ్మా, ఏం కాదు" అంటుంది. ఇది నేను మోయాల్సిందే, నీకు పంచడం లేదు.

నిన్న ఒంటిగంటకి తలుపు తీశాను. కుర్చీ ఖాళీగా ఉంది. కోటు మేకుకి ఉంది. తెర వెనక అది నోరు తెరుచుకుని నిద్రపోతోంది, చిన్నప్పుడు నీ పక్కలో పడుకున్నట్టే. నేను కోరుకున్నది ఇదే కదా. అయినా గది మధ్యలో సంచి పట్టుకుని నిలబడిపోయాను. ఎవరూ ఏమీ అడగలేదు. వంగి నెమ్మదిగా దీవించి వచ్చి పడుకున్నాను.

నిద్ర రాలేదు. కాఫీ తాగలేదు, వేడి గొట్టం మోగలేదు, పై వాటావాడు ఊరెళ్లాడు. తెల్లవారేదాకా దొర్లాను. నర్సమ్మ చెప్పినవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు తట్టింది. కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచి నేను నీ దీవెన అడక్కుండానే పడుకుంటున్నాను. నా ముప్పై నాలుగేళ్లలో ఇన్ని రాత్రులు ఎప్పుడూ అలా పడుకోలేదు. మొదట నా తప్పుకి సిగ్గుపడి అడగలేదు, తర్వాత నీ తప్పుకి కోపగించి అడగలేదు.

కోపం ఇంకా ఉంది. అది ఉండగానే అడుగుతున్నాను. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఇరవై రోజులు పడుతుంది. అంతవరకు ఆగలేను. రేపు ఎనిమిదిన్నరకి యానెలిస్‌తో మాట్లాడాక ఫోను పెట్టెయ్యకు, ఆ మాట దానిచేతే చెప్పిస్తాను. రేపు నాకు సెలవు, నేను ఇంట్లోనే ఉంటాను. నర్సమ్మని ఇంకో ఐదు నిమిషాలు అడిగాను, సరేనంది. ఈ ఉత్తరం చేరేసరికి అదంతా అయిపోయి ఉంటుంది. అయినా రాసి పంపుతున్నాను, నీ దగ్గర కాగితం మీద కూడా ఉండాలి.

దీవెన, అక్కా.

నెరెయిదా